మెథడ్ చెప్పే లెక్చరర్లు దేని మీద పరిశోధన చేస్తారు? ‘ఆసక్తి రంగం’ గడిలో ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీరు ఎమ్మెస్సీ మ్యాథ్స్, ఎంఈడీ చేసి గుంటూరు దగ్గర ఒక బీఈడీ కాలేజీలో మ్యాథ్స్ మెథడ్, అంటే బడిలో లెక్కలు ఎలా చెప్పాలో కాబోయే టీచర్లకు నేర్పే పేపరు, చెబుతున్నారు. పీహెచ్‌డీకి అప్లై చేయబోతున్నారు. ఫారంలో ‘ఆసక్తి గల పరిశోధన రంగం’ అని ఒక గడి ఉంది. మిగతావాళ్లు ఏం రాసుకున్నారో చూద్దామని యూనివర్సిటీల ప్రొఫైళ్లు తెరిస్తే అందరివీ అవే మాటలు: టీచర్ ఎడ్యుకేషన్, ఎడ్యుకేషనల్ సైకాలజీ, ఎడ్యుకేషనల్ టెక్నాలజీ. అసలు మనలాంటివాళ్లు దేని మీద పనిచేస్తారు, నేనేం రాయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. రంగం పేరు రాయకండి, ప్రశ్న రాయండి. మీ సబ్జెక్టులో ఒక పాఠం తీసుకోండి. ఆ పాఠంలో పిల్లలో, మీ ట్రైనీలో (బీఈడీ విద్యార్థులు) ప్రతి ఏడాదీ ఆగిపోయే ఒక చోటు ఉంటుంది కదా, అదే మీ ఆసక్తి. మెథడ్ చెప్పేవాళ్లలో నిజంగా పరిశోధన చేసేవాళ్లు పట్టుకునేది ఆ చోటునే. పైన ఏ శీర్షిక పెట్టుకున్నా, లోపల పని అక్కడే జరుగుతుంది.

నేను ఫిజికల్ సైన్స్ మెథడ్ మనిషిని. విజయవాడలోనూ గుంటూరులోనూ బీఈడీ క్లాసులు చెప్పాను, కొన్ని థీసిస్‌లకు గైడ్‌గా ఉన్నాను, చాలా వైవాల్లో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షల్లో, కూర్చున్నాను. అక్కడ చూసిందే రాస్తున్నాను.

ప్రొఫైళ్లలో అందరూ ఒకటే రాసుకోవడంలో మోసం ఏమీ లేదు లెండి. మన దగ్గర పీహెచ్‌డీ ‘ఎడ్యుకేషన్’ అన్న ఒక్క పేరుతోనే వస్తుంది. మ్యాథ్స్ నుంచి వచ్చినా తెలుగు నుంచి వచ్చినా అదే గైడ్ దగ్గర చేరవచ్చు. కాబట్టి గైడ్లు తలుపు బార్లా తీసి పెడతారు. వాళ్లకది చెల్లుతుంది. అప్లికేషన్ పెట్టే మీరు కూడా అలాగే రాస్తే ఇంటి అడ్రసు అడిగినవాడికి ‘కోస్తా ఆంధ్ర’ అని చెప్పినట్టుంటుంది.

రెండో కారణం పాత అలవాటు. బరోడాలోని సెంటర్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీ ఇన్ ఎడ్యుకేషన్ నుంచి 1974లో ఎం.బి.బుచ్ సంపాదకత్వంలో మన దేశపు విద్యా పరిశోధనల మొదటి సర్వే వచ్చింది, ఆ తర్వాత మరికొన్ని వచ్చాయి. అవి తిరగేసినా, ఇవాళ మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ వెబ్‌సైటు తెరిచి వెతికినా ఒక మూస తగులుతూనే ఉంటుంది. ఉపాధ్యాయుల వైఖరి, ఉద్యోగ సంతృప్తి, సర్దుబాటు, బోధన సామర్థ్యం: వీటిలో ఒకదానికి ఒక స్కేలు, అంటే మార్కులేసి కొలిచే ప్రశ్నల ఫారం. దాన్ని స్త్రీలు–పురుషులు, గ్రామీణ–పట్టణ, ప్రభుత్వ–ప్రైవేటు అని విడగొట్టి రెండు గుంపుల సగటుల్లో తేడా ఉందా అని చూసే టీ-టెస్టు. ముగింపు అధ్యాయంలో ‘గణనీయమైన తేడా లేదు’.

ఇవి ఎందుకు ఆగవంటే, పూర్తవుతాయి కాబట్టి. స్కేలు రెడీగా దొరుకుతుంది, ప్రిన్సిపాల్ సరే అంటే ఒక్క పూటలో ఫారాలు నిండుతాయి, లెక్కలు కంప్యూటర్ చేసి పెడుతుంది. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు చూసుకుంటూ పార్ట్‌టైమ్ చేసేవాళ్లను నేను తప్పు పట్టను. సర్వే చేయడమే తప్పని కూడా అనను, సర్వేతోనే తేలే ప్రశ్నలు ఉన్నాయి. వైవాలో నేను అడిగేది మాత్రం ఒకటి ఉంది: ఈ టైటిల్లో ‘గణితం’ తీసేసి ‘జీవశాస్త్రం’ పెడితే లోపల ఏమైనా మారుతుందా? ఏమీ మారకపోతే ఆ పనికి మ్యాథ్స్ మెథడ్ మనిషి అక్కర్లేదు, ఎవరైనా చేయొచ్చు. మీ సినాప్సిస్‌ను (పరిశోధన ప్రతిపాదన) మీరే ఇలా పరీక్షించుకోండి.

ఇక అసలు ఆసక్తులు ఏమిటో చూద్దాం.

మొదటిది, సబ్జెక్టు తెలిసి ఉండటానికీ అది చెప్పడానికి తెలిసి ఉండటానికీ మధ్య తేడా. అమెరికన్ విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో రాసిన వ్యాసం నుంచి ఈ దారి తెరుచుకుంది. టీచర్‌కు సబ్జెక్టు తెలుసా అని ఒకవైపు, క్లాసు నడపడం తెలుసా అని ఒకవైపు కొలుస్తున్నారు, ఈ సబ్జెక్టును ఈ పిల్లలకు ఎలా విప్పి చెప్పాలో తెలుసా అని ఎవరూ అడగడం లేదన్నది ఆయన ఫిర్యాదు. గణితంలో దీన్ని డెబోరా బాల్, ఆమె సహచరులు ఇంకా లోతుకు తీసుకెళ్లారు. మ్యాథ్స్ మనిషిగా మీరు మొదట చదవాల్సింది వీళ్లనే.

నేను చూసిన కేసు ఒకటి చెప్తాను. గుంటూరులో ఒక మున్సిపల్ హైస్కూల్లో ప్రాక్టీస్ టీచింగ్, ఏడో తరగతి, పూర్ణసంఖ్యల గుణకారం. ట్రైనీ బోర్డు మీద ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్’ అని పెద్దక్షరాలతో రాసి చుట్టూ గడి గీశాడు. పిల్లలు కోరస్‌గా చెప్పారు. తర్వాత ఎక్సర్‌సైజులో −3 − 4 వచ్చింది. సగం మంది 7 అని రాశారు. రెండు మైనస్‌లు కనిపించాయి, ప్లస్ చేసేశారు. ‘ఇక్కడ ఆ రూలు కాదు’ అన్నాడు ట్రైనీ. ముందు బెంచీలో అమ్మాయి లేచి, ‘ఎక్కడ ఏ రూలో మాకెలా తెలుస్తుంది సార్?’ అంది. ‘ప్రాక్టీస్ చేస్తే వస్తుంది, కూర్చో’ అన్నాడు.

ఆ ట్రైనీ సబ్జెక్టు రానివాడేం కాదు, డిగ్రీలో ఫస్ట్ క్లాసు. పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూములో అడిగాను: డిగ్రీ బీజగణితంలో, అదే రింగ్ థియరీలో, (−a)(−b) = ab అని రుజువు చేశారు కదా? చేశానన్నాడు, పరీక్షలో కూడా రాశాడట. విభాగ న్యాయం వాడి నాలుగు లైన్లలో కాగితం మీద మళ్లీ రాసి చూపించాడు కూడా. దానికీ పొద్దున చెప్పిన పాఠానికీ సంబంధం ఉందన్న ఊహ మాత్రం అతనికి అప్పటిదాకా రాలేదు. 3 × (−4) = −12, 2 × (−4) = −8, 1 × (−4) = −4, 0 × (−4) = 0 అని దిగుతూ వస్తే తర్వాతి మెట్టు ఏమై ఉండాలో ఏడో తరగతి పిల్లలే చెప్తారు. ఆ మెట్ల వెనక ఉన్నది డిగ్రీలో అతను రుజువు చేసిన న్యాయమే.

దీంట్లో ఎన్ని ప్రశ్నలున్నాయో చూడండి. డిగ్రీలో నేర్చుకున్న బీజగణితం బడి పాఠం దగ్గర ఎందుకు నిద్రపోతుంది? మెథడ్ క్లాసులో ఏం చేస్తే మేల్కొంటుంది? పిల్ల అడిగిన ‘ఎందుకు’కి ట్రైనీలు ఎన్ని రకాలుగా జవాబిస్తారు: రూలు అంటారా, అప్పు–ఆస్తి ఉపమానం చెప్తారా, నమూనా చూపిస్తారా, దాటేస్తారా? ఒక్కో జవాబు తర్వాత పిల్లల నోట్‌బుక్కుల్లో ఏం మారుతుంది? పీహెచ్‌డీకి వీటిలో ఒకటి చాలు. భిన్నాల కూడికలో 1/2 + 1/3 ని 2/5 చేయడం, 0.6 కంటే 0.45 పెద్దదనడం, బీజగణితంలో అక్షరాన్ని సంఖ్యగా కాక వస్తువు పేరుగా చదవడం: ఇవన్నీ ఇలాంటి చోట్లే.

రెండోది పిల్లల సొంత ఊహలు. సైన్స్‌లో రోసలిండ్ డ్రైవర్ లాంటి పరిశోధకులు ఈ పని మొదలుపెట్టి చాలా కాలమైంది. పిల్లలు ఖాళీ బుర్రతో రారు, ప్రపంచం గురించి వాళ్లకో లెక్క ముందే ఉంటుంది, మనం చెప్పేది ఆ లెక్కలోకి మలుచుకుంటారు. మా మెథడ్ క్లాసులో మొదటి వారమే ఒక సెల్లు, ఒక టార్చి బల్బు, ఒకే ఒక్క వైరు ముక్క ఇచ్చి వెలిగించమంటాను. కిర్చాఫ్ నియమాల మీద లెక్కలు చేసి వచ్చిన బీఎస్సీ వాళ్లు కూడా చాలామంది వైరు ఒక కొస సెల్లుకీ ఇంకో కొస బల్బు కిందికీ పెట్టి ఎదురుచూస్తారు. బల్బుకు రెండు చోట్ల స్పర్శ కావాలన్నది తట్టదు. శ్రేణిలో రెండు బల్బులు పెడితే మొదటిది కరెంటు తినేసి రెండోదానికి తక్కువ పంపుతుందని ధీమాగా చెప్తారు. ఎనిమిదో తరగతి పిల్లలూ అదే చెప్తారు. టీచరుదీ పిల్లలదీ ఒకే పొరపాటైతే క్లాసులో అది ఎవరికీ కనపడదు. నా ఆసక్తి మొత్తం ఇక్కడి నుంచే పుట్టింది.

మూడోది, ట్రైనీ టీచర్‌గా మారే క్రమం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లోనే ఒక మాట అన్నాడు: టీచర్ కాబోయేవాడు అప్పటికే వేల గంటలు విద్యార్థిగా టీచర్లను చూస్తూ గడిపాడు, ఆ చూడటంలోనే బోధన అంటే ఏమిటో తేల్చేసుకుని వస్తాడు. మన ట్రైనీల సంగతి చెప్పక్కర్లేదు. చాలామంది గుంటూరు, విజయవాడ కార్పొరేట్ జూనియర్ కాలేజీల స్టడీ అవర్లలో పెరిగినవాళ్లు. వాళ్ల మనసులో మంచి మ్యాథ్స్ సార్ అంటే బోర్డు మీద లెక్క ఎంత వేగంగా చేస్తే అంత గొప్ప. మనం మెథడ్ క్లాసులో చెప్పే కృత్యాలు లెసన్ ప్లాన్ రికార్డు దాకా వెళ్తాయి, బడి గేటు దాటగానే పాత సారు నిద్ర లేస్తాడు.

టీచర్ శిక్షణను నియంత్రించే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది, బడిలో గడపాల్సిన కాలం 20 వారాలైంది. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. కాగితం మీద మంచి మార్పు. ఆ పదహారు వారాల్లో ట్రైనీకి దొరికేది ఏమిటి, సూపర్‌వైజర్ అబ్జర్వేషన్ షీటులో రాసేది ఏమిటి అన్నది మన జిల్లాల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని విషయం. నేను చూసిన షీట్లలో ఎక్కువ భాగం ‘గొంతు బిగ్గరగా ఉండాలి’, ‘బోర్డు వర్క్ బాగుంది’, ‘క్లాసు కంట్రోల్ మెరుగుపడాలి’. గణితం గురించి ఒక్క ముక్క ఉండదు. అబ్జర్వేషన్ షీట్లు కట్టలుగా కాలేజీ బీరువాల్లో పడి ఉంటాయి. కాలేజీ, ట్రైనీలు ఒప్పుకుంటే అదే మీ డేటా, ఖర్చు లేదు. (1963లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన మైక్రోటీచింగ్‌ను, అంటే ఒక్కో నైపుణ్యాన్ని విడిగా కొద్ది నిమిషాలు సాధన చేయించడాన్ని, మనం ఇంకా అదే భక్తితో చేస్తున్నాం. ప్రశ్నించే నైపుణ్యాన్ని ఏ పాఠమూ లేకుండా విడిగా నేర్పొచ్చా అన్నది నాకెప్పుడూ అనుమానమే.)

నాలుగోది భాష. మన ప్రాంతానికి ఇంతకంటే పెద్ద గని లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మీద జీవోలు, కోర్టు తీర్పులు అందరికీ గుర్తే. ఆ గొడవలో ఎవరు గెలిచారన్నది పక్కన పెడదాం. పిల్లల చేతుల్లోకి తెలుగు ఒక పేజీలో, ఇంగ్లీషు ఎదురు పేజీలో ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఇలాంటి పుస్తకంతో లెక్కల టీచర్ ఏం చేస్తున్నారు? నేను గమనించిన క్లాసుల్లో నిర్వచనం ఇంగ్లీషులో, వివరణ తెలుగులో, బోర్డు మీద రాత ఇంగ్లీషులో నడుస్తుంది. పిల్ల తెలుగులో సందేహం అడిగితే జవాబు తెలుగులోనే వస్తుంది. పరీక్షలో అదే రాయమంటే ఇంగ్లీషు వాక్యం బట్టీ పట్టింది దిగుతుంది. మాట లెక్కల దగ్గర ఇది ఇంకా బాగా బయటపడుతుంది. మిర్చి యార్డులో క్వింటా ధర, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తెలుగులో నోటితో చేసే పిల్లాడు అదే నిష్పత్తి లెక్క ఇంగ్లీషు పేజీలో చూసి పెన్ను కింద పెడతాడు.

ఏ భాష మంచిదని తీర్పు చెప్పే థీసిస్ రాయొద్దు, దానికి మనుషులు బోలెడు. టీచర్ ఏ క్షణంలో భాష మారుస్తున్నారు, ఎందుకు మారుస్తున్నారు, మారినప్పుడు గణితం ఏమవుతోంది అన్నది రికార్డు చేసి రాస్తే దేశంలో ఎక్కడైనా చదువుతారు.

మిగతా మెథడ్ల వాళ్ల సంగతి క్లుప్తంగా. తెలుగు మెథడ్‌లో ఇప్పుడు బలమైన ప్రశ్నలు చదవడం చుట్టూ ఉన్నాయి: గుణింతాలు, ఒత్తులు ఉన్న లిపిని పిల్లలు ఎంతకాలంలో, ఏ వరసలో పట్టుకుంటారు అని. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పని మనవాళ్లకు దగ్గరి దారి. బోయపాలెం, అంగలూరు డైట్‌ల (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల) లాంటి చోట్ల ప్రాథమిక టీచర్లను తయారుచేసేవాళ్లకు ఇది మరీ అవసరం. సోషల్ మెథడ్ వాళ్లకు అమరావతి, భట్టిప్రోలు, ఉండవల్లి ఒక పూట ప్రయాణంలో ఉన్నాయి. అమరావతి శిల్పాలు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై మ్యూజియంలోనూ ఎందుకున్నాయని ఒక పిల్ల అడిగితే అక్కడినుంచి ఆధారం అంటే ఏమిటో చెప్పొచ్చు. ఆ అవకాశాన్ని ట్రైనీలు వాడుకుంటారా, పేరా చదివించి ముందుకెళ్తారా అన్నది చక్కటి ప్రశ్న. ఇంగ్లీషు మెథడ్ నాకు అంతగా పరిచయం లేదు.

టెక్నాలజీ మీద చేద్దామా అని కూడా అడిగారు. సబ్జెక్టు, బోధన, టెక్నాలజీ మూడింటినీ కలిపి చూడాలంటూ మిశ్రా, కోలర్ 2006లో చెప్పిన టీప్యాక్ నమూనా మీద మన దగ్గర స్కేలు థీసిస్‌లు బోలెడు వస్తున్నాయి. నా అభిప్రాయం: ‘స్మార్ట్ బోర్డు ప్రభావం’ అనే టైటిల్ వద్దు. జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజాన్ని లాగి చూపించినప్పుడు పిల్ల ‘అన్ని త్రిభుజాలకూ ఇంతే’ అన్న నమ్మకానికి ఎలా వస్తుంది అని అడిగితే సరే.

ఇప్పుడు జాగ్రత్తలు, వీటి దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు.

‘ప్రయోగ బృందం, నియంత్రణ బృందం’ అని రెండు వారాల ప్రయోగం పెట్టకండి. మీరు కొత్త చార్టులతో, ఉత్సాహంతో వెళ్లి చెప్పిన సెక్షన్ గెలుస్తుంది. అది మీ ఉత్సాహం గెలుపో మీ పద్ధతి గెలుపో ఎవరూ తేల్చలేరు.

మీ ట్రైనీల మీదే మీరు పరిశోధన చేస్తే వాళ్లకు ఇంటర్నల్ మార్కులు వేసేది కూడా మీరే. ‘మేడమ్ అడిగారు, కాదంటే ఎలా’ అని ఒప్పుకుంటారు. వేరే కాలేజీ ట్రైనీలతో చేయండి, లేదా మార్కులు ఖరారయ్యాక ఇంటర్వ్యూలు పెట్టుకోండి. పిల్లలున్న క్లాసును వీడియో తీయాలంటే జిల్లా విద్యాశాఖాధికారి అనుమతి, హెడ్‌మాస్టర్ అంగీకారం, తల్లిదండ్రుల సంతకం మూడూ కావాలి. ఫోన్లో తీసేసి తర్వాత చూద్దామనుకోవద్దు.

క్యాలెండర్ చూసుకోండి. జులై నుంచి నవంబరు లోపు బడిలో పని ముగించేలా ప్లాన్ చేయండి. సంక్రాంతి తర్వాత పదో తరగతి టీచర్లు దొరకరు, మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు. పల్నాడు వైపు బడి ఎంచుకుంటే మిర్చి కోతల్లో క్లాసు సగం ఖాళీ అవుతుంది. హాజరు పట్టీ మాత్రమే చూసి వెళ్లినవాళ్లకు ఇది తెలియదు.

గైడ్ ‘శాంపిల్ ఎంత?’ అంటారు, తప్పదు. ఆరుగురు ట్రైనీలు, ఒక్కొక్కరివి మూడు పాఠాలు అంటే మొహం చిట్లించవచ్చు. వాదించకండి. రెండు పాఠాల మాటలను అక్షరం పొల్లు పోకుండా రాసుకెళ్లి, పక్కన మీ విశ్లేషణతో చూపించండి. నేను గైడ్‌గా ఉన్నప్పుడు నన్ను ఒప్పించింది ఎప్పుడూ ఇలాంటి పేజీలే. సైన్స్, గణిత విద్య మీద పరిశోధన చేసే ముంబై హోమీ భాభా సెంటర్ వాళ్లు రెండేళ్లకోసారి జరిపే ఎపిస్టీమ్ సదస్సు సంపుటాలు కూడా వెంట తీసుకెళ్లండి, చిన్న సంఖ్యలతో గట్టి పని ఎలా ఉంటుందో అందులో దొరుకుతుంది.

ఆ గడిలో మీ మాటల్లో ఇలా రాయొచ్చు: ‘ఉన్నత పాఠశాల గణితంలో పిల్లలు అడిగే ‘ఎందుకు’ ప్రశ్నలకు బీఈడీ ఛాత్రోపాధ్యాయుల వివరణలు, రుణసంఖ్యల పాఠం ఆధారంగా. ద్విభాషా తరగతి గదుల్లో గణిత వివరణ.’ రెండు వాక్యాలు చాలు. ఇంటర్వ్యూలో ‘రుణసంఖ్యలే ఎందుకు?’ అంటారు. మీ దగ్గర క్లాసులో విన్న ఒక సంఘటన ఉండాలి, కాబట్టి అప్లికేషన్ పెట్టేలోపు ఈసారి అబ్జర్వేషన్‌కు వెళ్లినప్పుడు షీటు పక్కన పెట్టి పిల్లల మాటలే రాసుకోండి.

ముందు ఎంఫిల్ చేయాలా, పార్ట్‌టైమ్ కుదురుతుందా అని చివర్లో అడిగిన రెండు చిన్న ప్రశ్నలకు: ముందు ఎంఫిల్ చేసి తర్వాత పీహెచ్‌డీ అన్న దారి ఇక లేదు, 2022 నిబంధనలతో యూజీసీ ఎంఫిల్‌ను ఆపేసింది. పార్ట్‌టైమ్‌కు అదే నిబంధనలు ఒప్పుకుంటాయి, కాలేజీ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, కనీస కాలం మూడేళ్లు. ఆ పత్రం మీద సంతకం కోసం మేనేజ్‌మెంట్ చుట్టూ తిరగాల్సి రావచ్చు, నోటిఫికేషన్ కోసం చూడకుండా ఇప్పుడే అడిగేయండి.